గొంతుకు ఆడా మగా ఉందా?

2009లో నేను ఉద్యోగరీత్యా పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నాను. (2024 సెప్టెంబరులో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. నేనున్నప్పటి పేరే ఇక్కడ వాడుతున్నాను.) అండమాన్‌లో తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు. ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు. లెక్కల ఆఫీసులో పనిచేసేవాడికి ఇంగ్లీషు, హిందీ దరఖాస్తులు బాగా రాయడం వస్తుందని ఒక నమ్మకం. అందుకని ఆదివారం పూట మా క్వార్టర్‌కి ఎవరో ఒకరు వచ్చేవారు.

అలా వచ్చినవాళ్ళలో జాకెట్లు కుట్టి బతికే ఒకామె ఉంది. పుట్టినప్పుడు మగపిల్లాడు అన్నారు. తాను ఆడదాన్నని ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచే తెలుసట. ఊళ్ళో ఉండలేక ద్వీపాలకు వచ్చేసింది. మనిషిని చూస్తే ఎవరూ ఏమీ అనరు. నోరు తెరిస్తేనే చిక్కు. జాకెట్ల కోసం ఫోన్ చేసినవాళ్ళు ఆమె 'హలో' అనగానే "మీ ఆవిడకి ఇవ్వండి" అనేవారట. ఎవరో నాటువైద్యుడు ఒక లేహ్యం ఇచ్చి, మూడు నెలలు తింటే కోకిల గొంతు వస్తుందని చెప్పి నాలుగు వేలు తీసుకున్నాడు. గొంతు మారలేదు సరికదా, కడుపులో మంట మొదలైంది.

"మీరు సైన్సు పుస్తకాలు చదువుతారు కదా బాబాయిగారూ, గొంతు మారే మందు నిజంగా ఉందా?" అని అడిగింది.

నేను నవ్వాను. "కోకిలలో కూసేది మగదే, తెలుసా?" అన్నాను. మన కవులు ఆడవాళ్ళను కోకిలకంఠి అని పొగుడుతారు గానీ, వసంతకాలంలో మనం వినే ఆ 'కుహూ' మగ కోకిలది. ఆ సంగతి చెప్పి పెద్ద హేతువాదినైనట్లు మురిసిపోయాను. ఆమె ఏమీ అనకుండా దరఖాస్తు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. లేహ్యం మోసమని చెప్పగలిగాను గానీ మోసం కానిది ఏముందో చెప్పలేకపోయాను. ఎందుకంటే నాకు తెలియదు. రిటైరయ్యాక తీరిక దొరికి చదువుకున్నాను. ఆమెకు ఆరోజు ఇవ్వాల్సిన జవాబు ఇది.

తెలుగులో ఒక చిత్రం

ముందు భాష సంగతి. పోర్ట్ బ్లెయిర్‌లో బెంగాలీ, తమిళ, తెలుగు, మలయాళీ జనం అందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేది హిందీలో. హిందీలో మనిషి తన గురించి చెప్పుకుంటేనే ఆడో మగో క్రియ చెప్పేస్తుంది. మగవాడు 'మై ఆయా' అంటే ఆడమనిషి 'మై ఆయీ' అంటుంది. తెలుగులో ఆ గొడవ లేదు. 'నేను వచ్చాను' అని ఎవరైనా అనవచ్చు. 'వచ్చాడు', 'వచ్చింది' అనే తేడా ఎదుటివాళ్ళు మన గురించి చెప్పేటప్పుడే వస్తుంది.

దీని ఫలితం ఆలోచించండి. హిందీలో ఆమె 'ఆయీ' అన్నప్పుడు తన మాట తానే చెప్పుకున్నట్లు. తెలుగులో ఫోన్ ఎత్తితే చెప్పుకోవడానికి వ్యాకరణం సాయం రాదు. అవతలివాడి దగ్గర ఉన్న ఆధారం గొంతు ఒక్కటే. ఆ గొంతు విని వాడే 'అతను' అనో 'ఆమె' అనో తీర్పు చెప్పేస్తాడు. ఆ తీర్పుకు పునాది ఏమిటి?

పేటికలో ఏముంది?

గొంతు దైవదత్తమనీ, సరస్వతి నాలుక మీద రాస్తుందనీ మనవాళ్ళు చెప్పుకున్నారు. పిల్లలకు వస రాస్తే మాటలు వస్తాయన్నారు. ఎవరైనా ఎక్కువ మాట్లాడితే 'చిన్నప్పుడు వస ఎక్కువ పోశారా?' అని ఇప్పటికీ అడుగుతాం. కానీ బతికున్న మనిషి గొంతులోకి తొంగిచూసిన ఘట్టాల్లో చరిత్ర ప్రత్యేకంగా చెప్పుకునేది 1854 నాటిది. చూసింది వైద్యుడు కాదు, మాన్యుయెల్ గార్సియా అనే సంగీతం మాస్టారు. పళ్ళ డాక్టరు వాడే చిన్న అద్దం, చేతి అద్దం, ఎండ. ఈ మూడింటితో తన స్వరపేటికను తానే చూసుకున్నాడు. మరుసటి ఏడాది లండన్ రాయల్ సొసైటీకి దాన్ని నివేదించాడు. అక్కడ కనబడింది రెండు చిన్న కండర మడతలు, వాటి మధ్య సందు. అంతే.

ఊపిరితిత్తుల గాలి ఆ సందులోంచి వచ్చేటప్పుడు మడతలు కొట్టుకుంటాయి. వాటినే స్వరతంత్రులు అంటున్నాం. మామూలు మాటల్లో మగవారికి సెకనుకు సుమారు 100 నుంచి 130 సార్లు, ఆడవారికి 180 నుంచి 220 సార్లు కొట్టుకుంటాయి. చిన్నప్పుడు ఇద్దరి గొంతూ ఇంచుమించు ఒకటే. యుక్తవయసులో టెస్టోస్టెరాన్ అనే హార్మోను వల్ల మగపిల్లల స్వరపేటిక పెరుగుతుంది, కంఠమణి ముందుకు వస్తుంది, స్వరతంత్రులు పొడవై మందమవుతాయి. పెద్దయ్యాక ఆడవారి తంత్రుల కన్నా అవి సుమారు ఒకటిన్నర రెట్లు పొడవుంటాయి. బరువైన తీగ నెమ్మదిగా కదులుతుంది, గొంతు దిగుతుంది.

ఇది ఒకవైపే నడిచే దారి. ఇటుక కాలాక మళ్ళీ మట్టి కాదు. ట్రాన్స్ పురుషులు టెస్టోస్టెరాన్ తీసుకుంటే కొన్ని నెలల్లో గొంతు బరువెక్కుతుంది. కానీ యుక్తవయసు దాటిన ట్రాన్స్ మహిళలు స్త్రీ హార్మోన్లు తీసుకుంటే చర్మం, శరీరం మారవచ్చు గానీ గొంతు లేవదు. పెరిగిన ఎముక, మృదులాస్థి తగ్గవు కదా. ఇక లేహ్యాలు, పసర్లు ఏం చేస్తాయి?

దేవుడి కోసం కోసిన గొంతులు

హిజ్రాలు 'నిర్వాణం' చేయించుకుంటే గొంతు కూడా మారిపోతుందని మనలో చాలామంది అనుకుంటారు. అది తప్పు. యుక్తవయసు దాటాక వృషణాలు తీసేసినా అప్పటికే పెరిగిన స్వరపేటిక వెనక్కి పోదు. అంతకుముందే తీసేస్తే ఏమవుతుందో మాత్రం చరిత్రలో సాక్ష్యం ఉంది. సాక్ష్యం ఇచ్చింది చర్చి.

చర్చిలో స్త్రీలు మౌనంగా ఉండాలని క్రైస్తవ గ్రంథంలో ఉంది. మరి స్తోత్రాల్లో పై స్థాయి పాడేదెవరు? 16వ శతాబ్దం చివరి నుంచి పోపుగారి గాయక బృందంలోనే 'కాస్ట్రాటో' గాయకులు కనిపిస్తారు. గొంతు మారకముందే శస్త్రం చేసిన మగపిల్లలు వాళ్ళు. పెద్దయ్యాక వాళ్ళది పెద్దవాడి ఛాతీ, పిల్లవాడి స్వరపేటిక. ఆడదాని నోరు మూయించి, ఆ గొంతు కోసం మగపిల్లవాడి శరీరం కోశారన్నమాట. పోపు కొత్తగా కాస్ట్రాటోలను తీసుకోవడం మాన్పించాక, ఆఖరి తరం వాడైన అలెస్సాండ్రో మొరెస్కి పాటలను 1902, 1904 సంవత్సరాల్లో రోములో రికార్డు చేశారు. 1922లో ఆయన చనిపోయాడు. ఆ రికార్డులు ఇప్పటికీ వినవచ్చు. వింటే చెవికి ఇంపు కన్నా మనసుకు బాధే ఎక్కువ కలుగుతుంది.

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటి. ఆ పిల్లలను ఎవరూ అడగలేదు. ఈనాడు వయసొచ్చిన ఒక మనిషి తన గొంతు గురించి తాను నిర్ణయించుకోవడం దానికి పూర్తిగా వ్యతిరేకమైన విషయం. రెండింటినీ ఒక గాటన కట్టకూడదు.

బాపట్ల 1920, హైదరాబాద్ 1919

మన దగ్గరికి వద్దాం. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం. చంద్రమతి వేషం వేయాల్సినాయన రాలేదు. పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడు ఆ వేషం కట్టాడు. ఆయనే స్థానం నరసింహారావు. తరువాత నాలుగు దశాబ్దాలు సత్యభామగా, చిత్రాంగిగా తెలుగు రంగస్థలాన్ని ఏలాడు. 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) సత్యభామ గురించి చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇవి చీర, జడ, నడకతోనే అయ్యేవి కావు. మన నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు రకాలు చేసింది. వాచికం అంటే గొంతుతో చేసే అభినయం. మగ స్వరపేటిక ఉన్నవాళ్ళు శస్త్రం లేకుండా, మందు లేకుండా, కేవలం సాధనతో ఆడమాటను పలికించారు. కుటుంబ స్త్రీలు రంగం ఎక్కకూడదన్న కట్టుబాటే ఇందుకు మూలం. సురభి కుటుంబాల్లోలా స్త్రీ పాత్రలు స్త్రీలే వేసిన చోట్లు కొద్ది. కారణం ఏదైనా, మగగొంతు ఆడగొంతుగా వినిపించగలదని మన తాతలు టిక్కెట్టు కొని మరీ విన్నారు, వన్స్‌మోర్ కొట్టారు.

అదే కాలంలో నిజాం రాజ్యంలో ఏం జరిగింది? ఫసలీ 1329లో, అంటే 1919లో, 'యూనక్స్ చట్టం' వచ్చింది. దాని ప్రకారం 'నపుంసకుల' పేర్లతో, వాళ్ళుండే చోట్లతో రిజిస్టరు రాయాలి. ఆ రిజిస్టరులో ఉన్న మనిషి ఆడబట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనబడినా, బహిరంగంగా నాట్యం చేసినా, సంగీతం వాయించినా, వినోద ప్రదర్శనలో పాల్గొన్నా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. రెండేళ్ళ దాకా జైలు. బ్రిటిష్‌వాళ్ళ 1871 క్రిమినల్ ట్రైబ్స్ చట్టం రెండవ భాగాన్ని పక్కన పెట్టుకుని చదివితే సెక్షన్లు దాదాపు ఒకటే. ఆ చట్టం వచ్చినప్పుడు వైస్రాయి లార్డ్ మేయో. నాలుగు నెలలకే, 1872 ఫిబ్రవరి 8న, అదే పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఖైదీ చేతిలో హతుడయ్యాడు. ఆయన మనిషి పోయాడు గానీ ఆయన కాలపు చట్టం నకలు మన తెలంగాణలో శతాబ్దం పైన బతికింది.

ఒక సందేహం రావచ్చు. బాపట్ల మద్రాసు రాజధానిలోది, నిజాం చట్టం అక్కడ చెల్లదు కదా? నిజమే. పైగా ఆ చట్టం నటుల కోసం రాసింది కాదు. నేను చెప్పేది కూడా అదే. వేషం తీసేసి పంచె కట్టుకుని ఇంటికి పోయే మగవాడి నోట ఆడమాట కళ అయింది. అదే మాట బతుకంతా నిలుపుకుంటానన్న మనిషికి అది నేరం అయింది. స్వరపేటికలో ఏ తేడా లేదు. తేడా అంతా చూసేవాళ్ళ బుర్రలో ఉంది.

ఆ చట్టం 'ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ఏరియా)' అనే తోకతో స్వతంత్ర భారతంలోనూ పుస్తకాల్లో ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి ప్రభృతులు 2018లో హైకోర్టుకు వెళ్ళారు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది.

సాధన, శస్త్రం

ఇక అసలు ప్రశ్న. ఏం చేయవచ్చు? మందు లేదు. దారులు రెండు ఉన్నాయి.

మొదటిది స్పీచ్ థెరపీ. ఇందులో శ్రుతి పెంచడం ఒక భాగమే. గొంతు ఆడదా మగదా అని మన చెవి తేల్చుకునేది శ్రుతిని బట్టి మాత్రమే కాదు, అనునాదాన్ని బట్టి కూడా. బుర్రకథ తంబురా చూడండి. తీగ అదే అయినా బుర్ర చిన్నదైతే నాదం మారుతుంది. స్వరతంత్రుల నుంచి పెదవుల దాకా ఉన్న గొట్టం మగవారికి సుమారు 17 సెంటీమీటర్లు, ఆడవారికి 14, 15 ఉంటుంది. నాలుకను కాస్త ముందుకు తేవడం, స్వరపేటికను కొద్దిగా పైకి నిలపడం, పెదవులను కాస్త సాగదీయడం ద్వారా ఆ గొట్టాన్ని పొట్టి చేయవచ్చు. మాట ఎత్తుపల్లాలు, ఊపిరి, వాక్యం ముగించే తీరు కూడా నేర్చుకోవచ్చు. నెలల తరబడి రోజూ చేయాల్సిన సాధన ఇది. సంగీతం నేర్చుకున్నట్లే. గొంతు బిగబట్టి కీచుగా మాట్లాడితే మాత్రం బొంగురు, నొప్పి తప్పవు. అందుకే తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకోవాలి.

రెండవది శస్త్రచికిత్స. 1974లో జపాన్ వైద్యుడు నొబుహికో ఇషికి స్వరపేటిక చట్రాన్ని సవరించే నాలుగు పద్ధతులు ప్రకటించాడు. నాలుగవదానిలో థైరాయిడ్, క్రైకాయిడ్ అనే రెండు మృదులాస్థులను కుట్లతో దగ్గరకు లాగుతారు. దాంతో తంత్రులు బిగుస్తాయి, మృదంగం వార్లు బిగించినట్లు. చాలామందిలో కాలం గడిచేకొద్దీ ఆ బిగువు కొంత సడలుతుందని తరువాత తెలిసింది. 1990 ప్రాంతంలో జర్మనీకి చెందిన యుర్గెన్ వెండ్లర్ మరో దారి చూపాడు. తంత్రుల ముందు భాగం పైపొర తీసి, రెండింటినీ కలిపి కుడతారు. కంపించే పొడవు తగ్గుతుంది, వీణ మీద మెట్టు నొక్కినట్లు. ఇది నోటి ద్వారానే చేస్తారు, మెడ మీద మచ్చ ఉండదు. తరువాత కొన్నాళ్ళు పూర్తిగా మౌనం పాటించాలి. గొంతు బలం తగ్గవచ్చు, గట్టిగా పిలవలేకపోవచ్చు, బొంగురు మిగలవచ్చు. శస్త్రం శ్రుతినే పెంచుతుంది, గొట్టం పొడవును మార్చదు. అందుచేత ఆ తరువాత కూడా థెరపీ కావాలి. ప్రపంచ ట్రాన్స్‌జెండర్ ఆరోగ్య సంఘం 2022లో విడుదల చేసిన ప్రమాణాల్లో గొంతుకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది.

'ఇదంతా సోకు కదా, వైద్యమా?' అని అడిగే మిత్రులున్నారు. వాళ్ళకు ఒక ఉదాహరణ. యుక్తవయసు వచ్చినా గొంతు దిగని కుర్రవాళ్ళు ఉంటారు. దీన్ని ప్యుబర్‌ఫోనియా అంటారు. వాళ్ళకు స్పీచ్ థెరపీ ఇస్తారు, అవసరమైతే ఇషికి మూడవ పద్ధతిలో తంత్రులు వదులు చేస్తారు. దాన్ని ఎవరూ సోకు అనరు, పాపం కుర్రవాడు నలుగురిలో నవ్వులపాలవుతున్నాడు అంటారు. అవే నాలుగు పద్ధతులు, అదే స్వరపేటిక, అదే నవ్వులపాలు. మూడవది వైద్యమైతే నాలుగవది సోకు ఎలా అవుతుంది?

పద్దులో లేని గొంతు

నేను బీకాం చదివినవాణ్ణి. జీవితమంతా బిల్లులు చూసినవాణ్ణి. చట్టం చేతికిస్తే ముందు ఏ పద్దు ఉంది, ఏ పద్దు లేదు అని చూస్తాను. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో, తాను ఆడో మగో మూడవ లింగమో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని, దానికి శస్త్రచికిత్స షరతు పెట్టకూడదని చెప్పింది. 2019లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం వచ్చింది. బీమా గురించి చెప్పే 15వ సెక్షన్‌లో లింగమార్పిడి శస్త్రచికిత్స, హార్మోన్ చికిత్స, లేజర్ చికిత్స అని పేరుపేరునా రాశారు. తరువాత 'ఇతర ఆరోగ్య సమస్యలు' అన్నారు. గొంతు పేరు లేదు. 2022 ఆగస్టులో ఏడాదికి అయిదు లక్షల దాకా బీమా ఇచ్చే ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ పథకానికి ఒప్పందం జరిగింది. మంచిదే. కానీ 'ఇతర' అనే పద్దు కింద బిల్లు పెడితే ఏమవుతుందో ఆడిట్ చేసినవాడికి చెప్పనక్కరలేదు. పేరున్న పద్దు పాసవుతుంది, 'ఇతర' పద్దు అభ్యంతరంతో తిరిగొస్తుంది.

1919 చట్టం చీర, నగ, నాట్యం, వాద్యం అన్నీ జాగ్రత్తగా పట్టిక వేసింది, శిక్షించడానికి. సాయం చేయడానికి వందేళ్ళ తరువాత రాసిన చట్టంలో ముఖం మీది వెంట్రుకకు పేరు దొరికింది గానీ మాటకు దొరకలేదు. మరి ఫోన్‌లో, ఇంటర్వ్యూలో, చీకటిపడ్డాక ఆటోలో మనిషిని ముందు పట్టించేది మాటే కదా.

2011 జనాభా లెక్కల్లో ఆడ, మగ కాక 'ఇతరులు' అని రాయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 4,87,803 మంది. అండమాన్ నికోబార్‌లో 47 మంది. మా దర్జీ ఆమె ఆ 47లో ఉందో, 'స్త్రీ' అని రాయించుకుందో నాకు తెలియదు. 47 మంది కోసం ద్వీపంలో శస్త్రచికిత్స కేంద్రం పెట్టమని ఎవరూ అడగరు. ప్రభుత్వ ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టు ఉన్నచోట, ఈ శిక్షణ కూడా ఆ ఉద్యోగంలో భాగమని ఒక ఉత్తర్వు చాలు. సాధనకు కావలసింది గది, కుర్చీ, తెలిసిన మనిషి, వారానికి కొన్ని గంటలు. పేరు ఉన్న ఒక పద్దు.

చివరగా ఒక జాగ్రత్త. ట్రాన్స్ మహిళలందరూ గొంతు మార్చుకోవాలని నేను అనడం లేదు. బరువైన గొంతుతోనే హాయిగా బతికేవాళ్ళున్నారు. పుట్టుకతో ఆడవాళ్ళయినవాళ్ళలోనూ బరువు గొంతులున్నాయి. గొంతు సన్నగా ఉంటేనే ఆడది అని షరతు పెడితే మనం కూడా నిజాం కాలపు రిజిస్టరు రాస్తున్నట్లే. కావాలన్నవాళ్ళకు దొరకాలి, వద్దన్నవాళ్ళను వదిలేయాలి. అంతే.

కోకిల గురించి నేను ఆరోజు చెప్పింది తప్పు కాదు. కానీ దాన్నుంచి రావలసిన ముగింపుకు రాలేకపోయాను. మగ కోకిల కూతను వెయ్యేళ్ళుగా ఆడగొంతు అని మెచ్చుకుంటున్న జాతి మనది. ఏ గొంతు ఎవరిదో తేల్చడంలో మన చెవికి ఉన్న అర్హత అంతమాత్రమే. ఆమె ఎదురుగా ఉంటే ఇప్పుడు ఇలా చెబుతాను. "మందు లేదమ్మా, లేహ్యాలకు డబ్బు పోయకు. నేర్పేవాళ్ళు ఉన్నారు, నేర్చుకుంటే వస్తుంది. ఆ దరఖాస్తు నేను రాసిపెడతాను."